కురుస్తోందా, ఊరుతోందా, కారుతోందా?

మన భాషలో నీళ్లు లీకవడానికి ఒక్కటే మాట లేదు, గమనించారా? పైకప్పులోంచి వాననీళ్లు పడితే ఇల్లు కురుస్తోంది అంటాం. గోడలోంచో నేలలోంచో మెల్లమెల్లగా వస్తే ఊరుతోంది అంటాం. కుళాయో గొట్టమో అయితే కారుతోంది అంటాం. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద నీటిబొట్లు కడితే చెమర్చింది అంటాం. మాట వినగానే ఆ నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో సగం తెలిసిపోతుంది. "బి.ఏ. తెలుగు చదివి ఏం సాధించావోయ్" అని మా వారు అప్పుడప్పుడు ఆటపట్టిస్తుంటారు. ఈ వేసవిలో ఆ నాలుగు మాటలూ మాకు బాగా పనికొచ్చాయి. ఇంట్లో కాదు, పడవలో.

వీళ్లకి పడవేమిటని నవ్వకండి. మేముండేది సియాటిల్‌కి ఉత్తరాన, బోథెల్‌లో. ఇక్కడ ఎటు చూసినా నీళ్లే. ఒక పక్క లేక్ వాషింగ్టన్, ఇంకో పక్క ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ. పాత పడవ కొనుక్కుని శనాదివారాలు అందులో గడిపేవాళ్లు మాలాంటి మామూలు వాళ్లలో కూడా ఉంటారు. పోయినేడాది సెప్టెంబరులో మా వారూ, ఆయన ఆఫీసు స్నేహితుడూ చెరి సగం వేసుకుని ఒకటి కొన్నారు. 1983లో తైవాన్‌లో కట్టిన 36 అడుగుల మోటారు యాట్. యాట్ అనగానే సినిమాల్లో హీరో ఎక్కే తెల్లటి మేడని ఊహించుకోకండి. రెండు ఇరుకు పడకగదులు, ఒక హాలు, నిలబడి చపాతీలు వత్తుకునేంత వంటిల్లు, హాలు నేల కింద ఒక డీజిల్ ఇంజిను. అంతే. ఆ రోజుల్లో అక్కడ కట్టిన చాలా పడవల్లాగే దీనికీ డెక్ మీద టేకు చెక్కలు పరిచి మరలతో బిగించారు. వయసు నలభై దాటింది. ఇంచుమించు నా ఈడుదే. అందుకేనేమో నాకు దాని మీద మొదటినుంచీ కాస్త సానుభూతి.

దాన్ని ఎవరెట్ మెరీనాలో కట్టేసుకుంటాం. మా ఇంటినుంచి కారులో అరగంట.

ఇంత మోజు ఎందుకంటే, మా వారు గోదావరి పిల్లాడు. మావయ్యగారు లాంచీ సరంగు. రోడ్లూ బస్సులూ సరిగా లేని రోజుల్లో రాజమండ్రి నుంచి పాపికొండల మీదుగా కూనవరం దాకా మనుషులూ, బియ్యం బస్తాలూ, పెళ్లివారూ, పోలింగు పెట్టెలూ అన్నీ లాంచీల్లోనే వెళ్లేవి. ఆయన ముప్పై ఏళ్లు ఆ నీళ్ల మీదే తిరిగారు. పడవ కొన్న రోజు వీడియో కాల్‌లో చూపిస్తే అత్తయ్య మురిసిపోయి, "మీ నాన్నని ఓసారి ఎక్కించరా. లాంచీలు ఆగిపోయాక ఆయన రేవు మొహం చూడ్డం మానేశారు" అన్నారు.

రెండు నెలలు తిరక్కుండానే, నవంబరులో, అత్తయ్య పోయారు. నిద్రలోనే. మా వారు దొరికిన విమానం పట్టుకుని, రెండు చోట్ల ఆగి, ఊరు చేరేసరికి మూడో రోజు. అప్పటికే చిన్నమావయ్యగారి అబ్బాయి చేతుల మీదుగా కార్యక్రమం అయిపోయింది. మా వారు ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. మావయ్యగారూ ఎత్తలేదు.

ఏప్రిల్‌లో మావయ్యగారు మా దగ్గరికి వచ్చారు. ఆరు నెలల వీసా. డెబ్భై నాలుగేళ్ల మనిషి. వచ్చినప్పటినుంచీ కాఫీ పల్చగా ఉందనో, గదిలో చలి అనో, తలుపుల చప్పుడనో ఏదో ఒకటి. తండ్రీకొడుకుల మధ్య మాత్రం "తిన్నారా", "తిన్నాను" తప్ప మాటల్లేవు. పడవ దగ్గరికి మే నెలలో ఒకసారి తీసుకెళ్తే గట్టు మీద బెంచీ మీదే కూర్చున్నారు. "నాకెందుకురా ఇప్పుడు" అన్నారు.

ఆ పడవకేమో అప్పటికే నీళ్ల జబ్బు.

పడవ అట్టడుగున నీళ్లు చేరే పల్లాన్ని బిల్జి అంటారు. అక్కడ ఒక పంపు, దానికో ఫ్లోట్ స్విచ్. మన మేడ మీద ట్యాంకులో ఉండే బాపతే. నీళ్లు ఒక మట్టం దాటగానే పంపు దానంతటదే తిరిగి, నీళ్లు బయటికి తోసేస్తుంది. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ ఆ పంపు బ్యాటరీ మీద నడుస్తుంది. బ్యాటరీ అయిపోయినా, స్విచ్ ఇరుక్కుపోయినా, ఎవరూ లేని రాత్రి నీళ్లు పెరుగుతూనే ఉంటాయి. నడిసముద్రంలో మునిగేవాటికన్నా కట్టేసిన చోటే మునిగే పడవలు ఎక్కువని మెరీనాలో పాతకాపులు చెప్తుంటారు.

చలికాలమంతా మా పంపు మాటిమాటికీ తిరిగింది. ఇక్కడ అక్టోబరు నుంచి మార్చి దాకా వానలే కాబట్టి, అందరూ వానే అన్నారు. వసంతంలో ఒక మెకానిక్‌ని పిలిపిస్తే ఆయన చూసి పెద్ద జాబితా రాశాడు. డెక్ టేకు అంతా పీకాలి, వందల మరల కన్నాలు పూడ్చాలి, కిటికీలన్నీ తీసి మళ్లీ బిగించాలి, పడవని ఒడ్డుకెక్కించి ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర గ్లాండు మార్చాలి. మొత్తం పద్దెనిమిది వేల డాలర్లు. మా వాటాకి తొమ్మిది వేలు. పెద్దాడి కాలేజీ ఫీజు పక్కన పెట్టి చూస్తే ఆ అంకె ఇంకా పెద్దదిగా కనిపించింది. స్నేహితుడు మంచివాడే, కానీ, "ఆగస్టు ఆఖరుకి తేలకపోతే అమ్మేద్దాం" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. మా వారు సరేనన్నారు. ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. అమ్మ అడిగిన ఒక్క కోరికా తీరకుండానే పడవ పోతుందన్నది ఆయన బాధ. నాతో చెప్పలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో కొన్ని చెప్పకుండానే తెలుస్తాయి.

నేను ఒక నోటుబుక్ తీశాను. మా అమ్మ పాల లెక్క రాసేది గోడ క్యాలెండరు మీద. అర లీటరు, లీటరు, రాలేదు, అని. నెలాఖరుకి పాలవాడితో పేచీ ఉండేది కాదు. అదే పద్ధతి. బిల్జి పంపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే చిన్న మీటరు దొరుకుతుంది. అది పెట్టించాను. తేదీ, వాన పడిందా లేదా, మేం పడవలో ఉన్నామా లేమా, ఇంజిను ఎన్ని గంటలు నడిచింది, పంపు ఎన్నిసార్లు తిరిగింది. ఐదు గళ్లు గీసి, పైన నాలుగు మాటలు రాశాను. కురవడం, ఊరడం, కారడం, చెమర్చడం. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోదామని.

మొదట కురవడం. జూన్‌లో ఒక పొడి రోజు చూసుకుని మా వారు బయట నీళ్ల గొట్టం పట్టారు, నేను లోపల టార్చి పట్టుకుని కూర్చున్నాను. దీనికో పద్ధతి ఉంది. ధార జోరుగా కొట్టకూడదు, వానలా మెల్లగా పోయాలి. కింద మొదలుపెట్టి పైకి వెళ్లాలి. ముందే పైన పోస్తే నీళ్లు కిందికి జారి అన్నిటినీ తడిపేస్తాయి, ఏ సందు దొంగో తెలీదు. ఒక్కో చోట పది నిమిషాలు. అలా పోస్తుంటే ముందు పడకగది కిటికీ మూల ఒక బొట్టు మెరిసింది. దొరికిందిరా అని సంబరపడ్డాం. ఆ ఫ్రేము ఊడదీసి, పాత జిగురంతా గీకి, బ్యూటైల్ టేపు అంటించి మళ్లీ బిగించాం. ఆ కిటికీ మళ్లీ కురవలేదు.

పంపు మాత్రం మానలేదు. జులై వచ్చింది. ఇక్కడ జులైలో వానే ఉండదు, గడ్డి కూడా ఎండిపోతుంది. అయినా పంపు తిరుగుతోంది. ఒక లీకు దొరికినంత మాత్రాన మనం వెతికేది అదే అవ్వాలని లేదు. నోటుబుక్‌లో కురవడం కొట్టేశాను. చెమర్చడం అంతకుముందే పోయింది. అది చలికాలపు సంగతి. లోపల స్టవ్వు వేడి, బయట చల్లటి నీళ్లు ఉన్నప్పుడు పడవ గోడలు లోపలివైపు చెమరుస్తాయి. ఎండాకాలంలో కాదు.

ఒక సాయంత్రం పప్పు రుబ్బుకుంటూ పక్కన నోటుబుక్ పెట్టుకుని చూస్తున్నాను. తొమ్మిది రోజులు మేం వెళ్లలేదు. పంపు సున్నా. శనాదివారాలు వెళ్లొచ్చాం. ఏడుసార్లు. అంతకుముందు పదకొండు రోజులు సున్నా. ఒక రోజు వెళ్లాం, నాలుగు. మా వారితో గట్టిగానే అన్నాను. "మనం లేనప్పుడు పడవ పొడిగా ఉంటోందండీ. మనం వెళ్తేనే తడుస్తోంది."

సోఫాలో కిటికీ వైపు తిరిగి కూర్చున్న మావయ్యగారు తల తిప్పారు. "ఇంజిను తిప్పిన రోజా అమ్మాయ్, ఊరికే కూచున్న రోజా?"

మూడు నెలల్లో ఆయన పడవ గురించి నోరు విప్పడం అదే మొదలు. నోటుబుక్ తీసుకెళ్లి చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ప్రతి గడీ వేలుతో చూశారు. ఇంజిను ఎక్కువ నడిచిన రోజు నీళ్లూ ఎక్కువ. "శనివారం నేనూ వస్తాను" అన్నారు. "పాత పంచె ఒకటి పెట్టు. బియ్యప్పిండి కూడా."

ఆ శనివారం ఆయన తిన్నగా పడవెక్కి, హాలు నేలపలక లేపించి, మెట్టు మీద కూర్చుని టార్చి కింద ఒక్కసారి అంతా చూశారు. షాఫ్టు పడవ వెనక గోడలోంచి బయటికి వెళ్లేచోట గ్లాండు ఉంటుంది. తిరిగే కడ్డీ చుట్టూ గ్రీజు పట్టించిన తాడు చుట్టి, నీళ్లు లోపలికి రాకుండా బిగించే ఏర్పాటు. తడి అక్కడే ఉంది. మెకానిక్ చెప్పిందీ దాన్నే.

"ఇది కారుతోందని ఎవడన్నాడు?"

మా వారు చెప్పారు.

"గ్లాండు చుక్క వెయ్యాలిరా. తిరిగేటప్పుడు నిమిషానికి నాలుగైదు చుక్కలు పడాలి. ఆ చుక్కే దానికి చలవ. బొత్తిగా పడకుండా బిగించేశావనుకో, షాఫ్టు కాలి అరిగిపోద్ది. ఆగినాక పడకూడదు, అదీ లెక్క. ఏడు సార్లు పంపు తిరిగేటన్ని నీళ్లు ఈ చుక్కకి రావు. ఇది ఇంకెక్కడిదో నీరు, వచ్చి ఇక్కడ కూచుంది."

తరవాత ఆయన చేయించినదంతా నాకు మా అమ్మ ఇల్లు సర్దే పద్ధతిలాగే అనిపించింది. ముందు అంతా ఖాళీ చెయ్యాలి. బిల్జిలో నీళ్లు తోడి, సబ్బునీళ్లతో కడిగి, పాత తువ్వాళ్లతో పొడిగా తుడిచి, ఒక పూట ఆరబెట్టాం. "తడి మీద తడి వెతకలేం" అన్నారు. ఆ తరవాత, "కట్టిన చోటే, గేరు వెయ్యకుండా ఇంజిను గంటసేపు తిప్పు" అన్నారు.

ఇది నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మీకు ముందే చెప్పేస్తాను. గేరు వెయ్యకపోతే ఇంజిను తిరుగుతుంది, షాఫ్టు తిరగదు. అంటే గ్లాండు నిద్రపోతూ ఉంటుంది. అప్పుడు కూడా నీళ్లు వస్తే ఆ నీళ్లు గ్లాండువి కావు. మెకానిక్ జాబితాలో సగం ఈ ఒక్క గంటతో తేలిపోతుంది.

గంట అయ్యింది. ఇంజిను ఆపాక టార్చి వేసి చూస్తే గ్లాండు పక్కన చెంచాడు నీళ్లు మెరుస్తున్నాయి.

ఇప్పుడు ఆ నీళ్లు ఎవరివో తెలియాలి. ఇంజిను లోపల తిరిగే కూలెంటు అయితే రంగుంటుంది, వేళ్ల మధ్య జిగటగా ఉంటుంది. ఇది అలా లేదు. ఇక సముద్రపు నీళ్లా, మన ట్యాంకులో మంచినీళ్లా? నేను మూడు స్టీలు చెంచాలు తీసుకున్నాను. ఒకదాంట్లో పడవ పక్కనుంచి తోడిన సముద్రపు నీళ్లు, ఒకదాంట్లో వంటింటి కుళాయి నీళ్లు, ఒకదాంట్లో గ్లాండు పక్కన దూదితో అద్ది పిండిన నీళ్లు. మూడూ డెక్ మీద ఎండలో పెట్టాను. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మా మెరీనా స్నోహోమిష్ నది కలిసే చోటు కాబట్టి కాస్త తక్కువుండొచ్చు, అయినా చెంచాలో తెలుస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి మూడూ ఆరిపోయాయి. మొదటి చెంచా అడుగున తెల్లగా ఉప్పు. కుళాయి చెంచా శుభ్రంగా ఉంది. మూడోదీ దాదాపు అలాగే ఉంది.

నోటుబుక్‌లో ఊరడం కొట్టేశాను. కారడం ఒక్కటే మిగిలింది. సముద్రం లోపలికి రావడం లేదు. మన నీళ్లే మన పడవలోకి కారుతున్నాయి. గట్టు మీద గొట్టంతో మేం స్వయంగా ట్యాంకులో నింపుకున్న నీళ్లు.

ఇంజినుకీ మంచినీళ్లకీ సంబంధం ఏమిటా అని మీకు అనుమానం రావచ్చు. పడవల్లో గీజరుకి ఒక సౌకర్యం ఉంటుంది. ఇంజినులో వేడెక్కిన కూలెంటు గీజరు లోపలి గొట్టపు చుట్టలోంచి తిరిగి, కరెంటు అక్కర్లేకుండా స్నానానికి నీళ్లు కాస్తుంది. అంటే ఇంజిను నడిచినప్పుడల్లా గీజరు వేడెక్కుతుంది. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి, గొట్టాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఇక మేం ఇంటికి వెళ్లేటప్పుడు ఇంజినుతో పాటు మంచినీళ్ల పంపు స్విచ్ కూడా ఆపేసి వెళ్తాం. అందుకే మేం లేనప్పుడు పడవ పొడిగా ఉండేది.

ఇక బియ్యప్పిండి. గ్లాండు దగ్గరినుంచి గీజరు మూల దాకా పడవ అడుగున పొడుగ్గా ఒక దూలం లాంటిది ఉంటుంది. ఇంజిను చల్లారాక మావయ్యగారు దాని మీద ముగ్గేసినట్టు పల్చగా పిండి జల్లించారు. "లాంచీలో అయితే బూడిద జల్లేవాళ్లం" అన్నారు. ఇంకో గంట ఇంజిను.

ఆ రెండో గంట సంగతి చెప్పడానికే అసలు ఇదంతా రాస్తున్నాను.

నేను పై మెట్టు మీద టీ గిన్నె దగ్గరున్నాను. ఇంజిను ఆగింది. ఆ చప్పుడు ఆగాక వచ్చే నిశ్శబ్దం చాలా పెద్దగా ఉంటుంది. తండ్రీ కొడుకులిద్దరూ నేలపలక కంత దగ్గర బోర్లా పడుకుని, పక్కపక్కన, టార్చి వెలుతురులో పిండి వైపే చూస్తున్నారు. ఇద్దరి మొహాలూ కిందికే. మావయ్యగారు ఉన్నట్టుండి మొదలుపెట్టారు.

"ఎనభై ఆరు వరదప్పుడు మీ తాత పోయాడు. నీకు గుర్తుండదు, చంటోడివి. భద్రాచలం దగ్గర డెబ్భై అయిదడుగులు దాటింది గోదారి. లాంచీలన్నిట్నీ బియ్యానికీ మనుషులకీ పెట్టేశారు. నేను కూనవరం అవతల ఉన్నాను. కబురు అందేసరికి మూడో రోజు. వచ్చేసరికి బాబాయి చేసేశాడు."

మా వారు ఏమీ అనలేదు.

"నీళ్ల మీద ఉన్నోడికి కబురు ఆలస్యంగానే వస్తుందిరా. నువ్వు అప్పుడప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డావు చూడు, నాకు నేనే కనపడ్డాను. ఏం మాటాడాలో తెలీలేదు. అంతే. ఇంకేం లేదు."

చాలాసేపు టార్చి వెలుగు పిండి మీద కుదురుగా లేదు. నేను టీ వడకట్టడం ఆపి అలాగే ఉండిపోయాను. ఇన్నాళ్లూ కాఫీ మీదా, చలి మీదా, తలుపు చప్పుడు మీదా చూపించినదంతా ఎక్కడినుంచి కారి వచ్చిందో అప్పుడు తెలిసింది. కాసేపటికి మావయ్యగారే, "టార్చి ఇలా ఇవ్వు, అదుగో" అన్నారు.

తెల్లటి పిండి మీద సన్నటి తడిగీత. గ్లాండు దగ్గరినుంచి వెనక్కి, వెనక్కి, గీజరు మూలలోకి పోయింది. అక్కడికి ఎవరి భుజమూ పట్టదు. పద్నాలుగేళ్ల మా అమ్మాయి చెయ్యి పట్టింది. ఫోను లోపలికి పెట్టి వీడియో తీసింది. గీజరులోంచి వేడినీళ్లు బయటికొచ్చే బూడిదరంగు ప్లాస్టిక్ గొట్టం, దాని మలుపు దగ్గర వెంట్రుకంత పగులు. అక్కడ ఒక బొట్టు ఊరి, పెద్దదై, కింద పడకుండా గొట్టం అడుగునే పట్టుకుని నాలుగడుగులు పాకి, దూలం మీద పడి, మెల్లగా గ్లాండు దగ్గరికి చేరుతోంది. వీడియోలో ఆ బొట్టు ప్రయాణం చూస్తుంటే దాని ఓపికకి నవ్వొచ్చింది.

ఆ బూడిదరంగు గొట్టం పేరు పాలీబ్యూటిలిన్. 1995 ప్రాంతం దాకా అమెరికాలో ఇళ్లలోనూ పడవల్లోనూ విరివిగా వాడారు. ఏళ్లు గడిచేకొద్దీ దాని అతుకులు పెళుసెక్కి పగుళ్లిస్తాయని తేలాక మానేశారు. మీలో ఎవరైనా ఇక్కడ ఆ కాలపు ఇల్లు కొనేటట్టయితే సింకు కింద ఒకసారి చూసుకోండి.

మరమ్మతు ఆదివారం పొద్దున్న. మంచినీళ్ల పంపు స్విచ్ ఆపి, కుళాయిలన్నీ తిప్పి ఒత్తిడి వదిలేసి, గీజరు పూర్తిగా చల్లబడిందని చూసుకుని, పగిలిన మలుపుతో పాటు ఆ గొట్టం మొత్తం కోసేశారు. దాని బదులు ఎర్ర పెక్స్ గొట్టం, ఇత్తడి అతుకులు. సామాను డెబ్భై డాలర్లు దాటలేదు. మళ్లీ అంతా తుడిచి, మళ్లీ పిండి జల్లి, మళ్లీ గేరు లేకుండా గంట ఇంజిను. బాగు చేశాక అదే పరీక్ష మళ్లీ పెట్టకపోతే బాగైందన్న నమ్మకం ఏమిటి? పిండి పొడిగా ఉంది. మా అమ్మాయి దాంట్లో వేలితో చిన్న చుక్కల ముగ్గు పెట్టింది. తరవాత తుడిచేశామనుకోండి. తడిస్తే పిండి అంబలై పంపుకి అడ్డం పడుతుంది.

మిగతా బూడిదరంగు గొట్టాలు కూడా అదే వయసువి కాబట్టి ఆగస్టులో ఒక్కొక్కటిగా మార్చేశాం. స్నేహితుడు అమ్మే మాట వెనక్కి తీసుకున్నాడు. డెక్ పని ఎప్పటికైనా తప్పదు, అది ఏడాదికి కొంచెం చొప్పున చేసుకుంటాం.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఎదురుగా ఉన్న విడ్బీ దీవి వైపు వెళ్లాం. మా వారు పక్కన నిలబడితే మావయ్యగారు చుక్కాని పట్టారు. పులిహోర డబ్బా తెరిచేసరికి నాలుగు సముద్రపు కాకులు వెంటపడ్డాయి. అత్తయ్య ఫోటో ఏదీ పెట్టలేదు, ఎవరూ ఏమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు మావయ్యగారు కాఫీ అడిగి రెండోసారి పోయించుకున్నారు. పల్చగానే ఉంది.

మీ ఇంట్లో గోడ తడిసినా, స్లాబు మీద మచ్చ కనబడినా, పైఫ్లాటు వాళ్లతో గొడవకి దిగేముందు ఓ చిన్న పుస్తకం పెట్టుకోండి. వాన రోజుల్లోనే వస్తుందా? మోటారు వేసినప్పుడా? పైన వాళ్లు ఊరెళ్లినప్పుడు ఆగిందా? గీజరు వేసిన రోజు ఎక్కువవుతుందా? ముందు పొడిగా తుడిచి, ఒక్కసారికి ఒక్కటే పరీక్షించండి. తడి కనబడ్డ చోటే సుత్తి వెయ్యకండి. అది చాలా దూరం నడిచి వచ్చి ఉండొచ్చు.

మావయ్యగారు అక్టోబరు మొదట్లో వెళ్లిపోయారు. కార్తీకంలో అత్తయ్య సంవత్సరీకానికి ఈసారి మా వారు పది రోజులు ముందే వెళ్తున్నారు, టికెట్టు కొనేశాం. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోను వస్తుంది. నా దగ్గర నోటుబుక్ లెక్క అడుగుతారు. సున్నా అని చెప్తాను. తరవాత కొడుకుని అడుగుతారు.

"గ్లాండు చుక్క వేస్తోందా?"

"వేస్తోంది నాన్నా. నిమిషానికి నాలుగు."

"వెయ్యనీ. బిగించకు."